శయ్యపై శవపేటిక: చిత్రకారుడు రెనే మాగ్రిట్ జీవితము

పారిసు నగరమందలి లూవ్రు చిత్రశాలలో ఒక పెద్ద తైలవర్ణ చిత్రము కలదు. దాని వెడల్పు ఇంచుమించు 8 అడుగులు. ఎత్తు అయిదున్నర అడుగులకు పైచిలుకు. వెనుకనున్న గోడపై అలంకార మేమియు లేదు. ఒక ప్రక్క ఎత్తయిన దీపస్తంభము. నడుమ ప్రాచీన రోమను పద్ధతిని చేసిన పొడవైన శయ్యాసనము. దానిపై తెల్లని పలుచని వస్త్రము ధరించి, పాదరక్షలు లేక, చేరగిలబడి, భుజము మీదుగా మన వైపు తల త్రిప్పి చూచుచున్న యువతి. ఆమె పేరు జూలియెట్ రెకామియే. చిత్రకారుడు జాక్ లూయీ దవీద్. సంవత్సరము 1800.

అదే గోడ, అదే దీపస్తంభము, అదే శయ్యాసనము గల మరియొక చిత్రము కెనడా దేశపు రాజధాని యైన ఒట్టావాలోని జాతీయ చిత్రశాలలో ఉన్నది. ఇది చిన్నది. రెండడుగుల ఎత్తు, రెండున్నర అడుగులకు కొంచెము మించిన వెడల్పు. ఇందు యువతి లేదు. ఆమె యుండవలసిన చోట కొయ్యతో చేసిన శవపేటిక యున్నది. ఆ పేటిక శవపేటికలవలె తిన్నగా పరుండి యుండలేదు. నడుము వద్ద వంగి, ఆమె వలెనే చేరగిలబడి కూర్చున్నది. తెల్లని వస్త్రపు అంచు మాత్రము శయ్య మీదినుండి నేలపైకి జారి యున్నది. దీనిని 1951లో చిత్రించినవాడు బెల్జియము దేశస్థుడైన రెనే మాగ్రిట్.

మొదటి చూపునకు ఇది పరిహాసమువలె కనబడును. లోకప్రసిద్ధమైన చిత్రమును తీసికొని, అందలి సుందరికి మారుగా శవపేటికను కూర్చుండబెట్టుట కొంటెతనమే కదా యనిపించును. కాని పేటికను చేసిన తీరు కొంటెవాని తీరు కాదు. పలకల అంచులు, వంగిన చోటి అతుకు, కొయ్యపై పడిన వెలుగు, అన్నియు నిపుణుడైన వడ్రంగి కొలత చూచి చేసినట్లున్నవి. నవ్వించుటకు ఇంత శ్రద్ధ అవసరము లేదు. ఇట్టి వస్తువును ఇంత ఓపికతో చిత్రించిన మనుష్యుని జీవితమును తెలిసికొనవలెనను కోరిక చూచినవారికి కలుగుట సహజము. ఆ కోరికయే ఆయనకు జీవితాంతము నచ్చలేదనుట ఇందలి విశేషము.

మాగ్రిట్ 1898 నవంబరు 21వ తేదీన హెనో మండలములోని లెసీన్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి లెయొపోల్ దర్జీ, బట్టల వర్తకుడు. తల్లి రెజీనా వివాహమునకు పూర్వము స్త్రీల టోపీలు తయారుచేయు పని చేసినది. రెనే తరువాత రేమండ్, పోల్ అను ఇద్దరు తమ్ములు కలిగిరి. కుటుంబము పలుమార్లు ఊళ్ళు మారి, తుదకు సాంబ్రు నదీతీరమందలి షాత్లే పట్టణమున స్థిరపడెను. తన తొలి జ్ఞాపకము ఊయెల ప్రక్కనున్న ఒక పెద్ద కొయ్యపెట్టె యని, అది తనకు అంతుపట్టని వస్తువుగా తోచెనని మాగ్రిట్ పెద్దవాడైన పిమ్మట చెప్పెను.

బాల్యమునుండి ఆయన వెంట వచ్చిన రెండవ జ్ఞాపకము ఇంకను వింతయైనది. సెలవులలో స్వాన్యీ పట్టణమునకు పోయినప్పుడు, అచటి పాడుపడిన శ్మశానమున ఒక బాలికతో కలిసి ఆయన ఆడుకొనుచుండెను. పిల్ల లిద్దరును బరువైన ఇనుప తలుపుల నెత్తి, భూగర్భమందలి సమాధిగృహములలోనికి దిగి, మరల వెలుగులోనికి వచ్చుచుండిరి. ఒకనా డట్లు పైకి వచ్చునప్పటికి, విరిగిన రాతి స్తంభముల నడుమ, రాలిన ఆకుల మధ్య, రాజధానినుండి వచ్చిన చిత్రకారు డొకడు నిలుచుండి బొమ్మ వేయుచుండెను. ఆ బాలునకు చిత్రలేఖనము మంత్రవిద్యవలె కనబడెను. 1938 నవంబరులో ఆంట్వెర్ప్ నగరమున చేసిన ఉపన్యాసములో ఆయన ఈ సంగతిని తానుగా వివరించెను. సమాధినుండి పైకి వచ్చి చూచిన మొదటి దృశ్యము చిత్రకారుడు. వేఱొకనికైనచో ఇది మరపునకు వచ్చెడి సంగతి, ఈయనకు కాలేదు.

1912లో ఆ యింట మహావిపత్తు సంభవించెను. చిరకాలము మనోవ్యాధితో బాధపడుచుండిన తల్లి ఫిబ్రవరి మాసాంతమున ఒక రాత్రి ఎవరికిని తెలియకుండ ఇల్లు విడిచి పోయెను. సాంబ్రు నదిలో ఆమె మృతదేహము మార్చి 12వ తేదీన దొరకెను. అప్పటికి రెనే వయస్సు 13 ఏండ్లు. నీటిలోనుండి తీసినప్పుడు ఆమె రాత్రి ధరించిన తెల్లని వస్త్రము పైకి తొలగి ముఖమును కప్పి యుండెననియు, బాలు డది కన్నులార చూచెననియు ఒక కథ వ్యాపించెను. పిమ్మట పరిశోధించినవారు ఆ బాలుడు అప్పు డచట ఉండెననుటను సందేహించిరి. అయినను ముఖములు గుడ్డతో కప్పబడిన ప్రేమికులను ఆయన 1928లో చిత్రించినప్పటినుండి, ఆ కథ ఆయన నీడవలె వెన్నంటెను. మాగ్రిట్ మాత్రము తల్లి మరణమును గూర్చి దాదాపు నోరు విప్పలేదు. భార్యకును వివరముగా చెప్పలేదందురు.

తల్లి పోయిన మరుసటి సంవత్సరము కుటుంబము షార్లెర్వాకు తరలెను. అచటి తిరునాళ్ళలో, తిరుగు కొయ్యగుఱ్ఱముల యొద్ద, మాగ్రిట్ ఒక మాంసవిక్రేత కుమార్తెను చూచెను. ఆమె జార్జెట్ బెర్జే. యుద్ధము వారిని విడదీసెను. 1920లో బ్రస్సెల్స్ నగరపు ఉద్యానవనమున తలవని తలంపుగా మరల కలిసికొని, 1922 జూనులో వివాహమాడిరి. నాటినుండి ఆయన చిత్రములందు కనబడు స్త్రీముఖము తఱచుగా ఆమెదే.

1916 మొదలు బ్రస్సెల్స్ కళాశాలలో నేర్చిన విద్య కడుపు నింపునది కాదు. వివాహానంతరము ఆయన గోడలకు అంటించు అలంకార కాగితములు తయారుచేయు కర్మాగారమున రూపకర్తగా చేరెను. పువ్వులు, తీగలు, మరల పువ్వులు, మరల తీగలు. ఆ కాలముననే ఒక మిత్రుడు ఇటలీ చిత్రకారుడు డి కిరికో 1914లో రచించిన ప్రేమగీతమను చిత్రము యొక్క ప్రతిని చూపెను. అందు ఒక శిలావిగ్రహపు శిరస్సు, ఒక రబ్బరు చేతితొడుగు, ఒక ఆకుపచ్చని బంతి, ఒక దానితో నొకటికి ఏ సంబంధమును లేక ప్రక్కప్రక్కన ఉన్నవి. మాగ్రిట్ కన్నీరు కార్చెను. సామాన్యవస్తువులను కొత్తగా చేర్చినచో, ఏ వర్ణవైచిత్రియు లేకుండ, మనస్సును కదలించవచ్చునని ఆయన గ్రహించిన దప్పుడే.

పారిసులో ఆంద్రె బ్రెటన్ 1924లో ప్రకటించిన అధివాస్తవికతావాదము తెలుగువారికి కొత్తది కాదు. శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబుల కవిత్వము ద్వారా దాని గాలి మన సాహిత్యమునకును సోకినది. స్వప్నమును, సుప్తచేతనను, హేతువుకు లొంగని సంయోగములను ఆ వాదులు ఆశ్రయించిరి. మాగ్రిట్ 1926లో ఆ మార్గమున తన మొదటి చిత్రమును రచించి, 1927లో బ్రస్సెల్స్ నగరమున తొలి ప్రదర్శనము జరిపెను. విమర్శకులు ఆదరింపలేదు. అదే సంవత్సరము పారిసు పొలిమేరలోని పెర్రో గ్రామమునకు కాపురము మార్చి, మూడేండ్లలో ఎన్నడును లేనంత వేగముతో పని చేసెను. పొగపీల్చు గొట్టమును స్పష్టముగా చిత్రించి, క్రింద ఇది గొట్టము కాదని వ్రాసిన సుప్రసిద్ధ చిత్రము 1929 నాటిది.

కాని పారిసు మిత్రుల పోకడ ఆయనకు సరిపడలేదు. వారు కలలను వెదకుచుండిరి. ఆయనకు మెలకువయే చాలినంత విచిత్రముగా నుండెను. 1929 చివర ఒక గోష్ఠిలో జార్జెట్ మెడలోని చిన్న సిలువను చూచి, మతద్వేషియైన బ్రెటన్ దానిని తీసివేయుమనెను. ఆమె తీయలేదు. దంపతులు లేచి వచ్చివేసిరి. దైవభక్తుడు కాని మాగ్రిట్ భార్య పక్షముననే నిలిచెను. బ్రెటన్ తోడి మైత్రి కొన్నేండ్లు తెగెను. ఆయన చరిత్రలో సిద్ధాంతముకంటె మనిషి మిన్నగా కనబడు ఘట్టములలో ఇది యొకటి.

1930లో బ్రస్సెల్స్ నకు తిరిగి వచ్చునప్పటికి లోకమంతటను ఆర్థికమాంద్యము. ఆయన చిత్రములు కొనుచుండిన విక్రయశాల మూతబడెను. జెట్ అను శివారులో ఎసెగెమ్ వీథిని 135వ సంఖ్య గల యింటి క్రిందిభాగమును అద్దెకు తీసికొని, తమ్ముడు పోల్ తో కలిసి వ్యాపార ప్రకటనలు వేయు పని ప్రారంభించెను. ఆ యింట 24 సంవత్సరములు గడచెను. పెరటిలో పనిశాల యున్నను, చిత్రములు మాత్రము భోజనపు గదిలోనే వేసెడివాడు. కోటు, కంఠపట్టిక ధరించి, తివాచీపై రంగుచుక్క పడకుండ, కార్యాలయమున దస్త్రము వ్రాయు ఉద్యోగివలె కూర్చుండి పని చేయుట ఆయన అలవాటు. భోజనవేళకు ఈజిల్ తీసి గోడకు జేర్చెడివాడు. నల్లని గుండ్రటోపీ, ఒక పెంపుడు కుక్క, సాయంకాలము చదరంగము. చిత్రములకు పేర్లు మిత్రులు వచ్చినప్పుడు గోష్ఠిలో తేల్చెడివారు. పొరుగువారికి ఆయనయందు వింత యేమియు కనబడి యుండదు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మను సైన్యము క్రింద నగరము క్రుంగియుండగా, ఆయన హఠాత్తుగా రెన్వార్ పద్ధతిని సూర్యకాంతితో తొణకిసలాడు వర్ణములను చేపట్టెను. దుఃఖకాలమునకు ఆనందమే తగిన ఎదురుదెబ్బ యని ఆయన భావము. మిత్రులు హర్షింపలేదు. 1948లో పారిసున తొలిసారి స్వంత ప్రదర్శనము జరుపు అవకాశము కలిగినప్పుడు, కొద్ది వారములలో మోటుగా, వెక్కిరింతగా వేసిన చిత్రములను పంపి పారిసువారిని పరిహసించెను. వారికి కోపము వచ్చెను. జార్జెట్ కును పాత పద్ధతియే ఇష్టము. ఏబదవ యేట, తిరస్కారము రెండు మారులు రుచి చూచి, ఆయన తన నిబ్బరమైన పాత చేతికి తిరిగి వచ్చెను. అట్లు తిరిగి వచ్చిన చేతితో మొట్టమొదట చేపట్టిన పనులలో శవపేటికల వరుస యొకటి.

ఇప్పుడు ఆ యువతి సంగతి చెప్పవలెను. జూలియెట్ 1777లో లియోన్ నగరమున జన్మించి, 15వ యేట తనకంటె ఇంచుమించు 26 సంవత్సరములు పెద్దయైన రెకామియే అను ధనికుని వివాహమాడెను. విప్లవానంతరము పారిసున ఆమె సౌందర్యమును, ఆమె గృహమందలి గోష్ఠులును పేరుపొందెను. 1800లో దవీద్ ఆమె రూపచిత్రమును ప్రారంభించినప్పుడు ఆమెకు 22 ఏండ్లు. దవీద్ సామాన్యుడు కాడు. విప్లవసభలో రాజుకు మరణశిక్ష వేయవలెనని మతమిచ్చిన సభ్యుడు, యూరపున తన కాలపు చిత్రకారులలో అగ్రేసరుడు. తృప్తిలేక పని సాగదీయుచుండగా, ఆమె ఓపిక నశించి ఆయన శిష్యుడైన జెరార్ చేత మరియొక చిత్రము వేయించుకొనెను. గురువు మనస్సు నొచ్చి తన చిత్రమును విడిచిపెట్టెను. లూవ్రులో నేడు మనము చూచునది ఆ సగము పనియే. వెనుకగోడ బోసిగా నుండుట, నేల పూర్తికాకుండుట అందువలననే. విచిత్ర మేమనగా, ఆ లోపమే దాని కొక నిశ్శబ్దమును ఇచ్చినది. అందచందములతో పూర్తియైన జెరార్ చిత్రము చూచువారి మనస్సున అంతగా నిలువదు.

ఆమె జీవితము ఆ శయ్యపై సాగలేదు. 1805లో భర్త వ్యాపారము దివాలా తీసెను. స్తాల్ విదుషితోడి మైత్రిని వదలనందున 1811లో నెపోలియన్ ఆమెను పారిసునుండి బహిష్కరించెను. తిరిగి వచ్చిన పిమ్మట 1819 నుండి ఒక సన్యాసినుల మఠమున చిన్న వాసమున ఉండి, రచయిత షాతోబ్రియాను ముప్పది యేండ్లు ఆదరించెను. కడపట ఆమెకు చూపు దాదాపు పోయెను. 1848లో షాతోబ్రియా మరణించెను. 1849 మే నెలలో విషూచి సోకి ఆమెయు గతించెను. వయస్సు 71. శయ్యపై తల త్రిప్పి చూచు యువతి మాత్రము 22వ యేటనే నిలిచిపోయెను.

సరిగా నూరేండ్లకు, 1949లో, మాగ్రిట్ ఆమె ఉన్న చోట మొదటిసారి పేటికను ఉంచెను. శతవర్ధంతిని ఆయన ఎంచి చేసెనని చెప్పుటకు ఆధారము లేదు. 1951 వరకు ఈ వరుస సాగెను. జెరార్ రచించిన రెకామియే చిత్రమును సైతము విడువలేదు. మానే రచించిన మిద్దెవసారా చిత్రములోని నలుగురికి మారుగా ఆకుపచ్చని కమ్ముల వెనుక నాలుగు పేటికలను నిలిపెను. ఈ చివరిది ఘెంట్ నగరపు చిత్రశాలలో ఉన్నది. వీనికి ఆయన పెట్టిన పేరు పెర్‌స్పెక్టివ్. చిత్రకారుల పరిభాషలో అది దూరదర్శన విధానము. ఫ్రెంచి భాషలో దానికి మున్ముందు కనబడునది, రాబోవునది అను అర్థము కూడ కలదు. చిత్తరువు వేయించుకొను ప్రతి మనిషి ముందును కనబడునది ఏమిటో వేఱుగ చెప్పనక్కరలేదు. దవీద్ దానిని సౌందర్యముతో మరుగుపరచెను. మాగ్రిట్ మరుగును తీసి, మర్యాదను మాత్రము అట్లే ఉంచెను. పేటిక ఆమెవలెనే కూర్చుండుటలో ఆ మర్యాద యున్నది. అస్థిపంజరమును కూర్చుండబెట్టినచో అది భయపెట్టెడి బొమ్మ అయ్యెడిది, చౌకబారు నీతిపాఠము అయ్యెడిది.

1966లో ఫ్రెంచి తత్త్వవేత్త మిషెల్ ఫూకో మిద్దెవసారాలో పేటిక లేల యని లేఖ వ్రాసి ప్రశ్నించెను. మానే చిత్రించిన ఆ స్థలమే పేటికలకు తగినదిగా తనకు కనబడినదని మాగ్రిట్ బదులు వ్రాసెను. ఇందు పనిచేసిన యంత్రాంగమును పండితులు వివరింపవచ్చును, ఆ వివరణము సరియైనదియు కావచ్చును, అయినను రహస్యము రహస్యముగానే మిగులునని ఆయన అభిప్రాయము. ఫూకో తరువాత ఆ గొట్టపు చిత్రముపై ఒక గ్రంథమునే రచించెను.

మనోవిశ్లేషకులు మాగ్రిట్ ను ఊరక విడువలేదు. సాంబ్రు నది, తల్లి తెల్లని వస్త్రము, గుడ్డకప్పిన ముఖములు, అన్నిటిని ఒక త్రాట గ్రుచ్చి, ఇదిగో తాళపుచెవి యని చూపిరి. ఆయన దానిని అసహ్యించుకొనెను. చిత్రమును చిహ్నముగా చదువువాడు చిత్రమును చూడనివాడని ఆయన తలంపు. తల్లి మృతిని పదిమందికి కథగా పంచియిచ్చుటకు ఒప్పుకొనని కొడుకు పట్టుదలయు అందున్నదని గ్రహించుట కష్టము కాదు. ఆ పట్టుదలను గౌరవింపవలెను. అయినను ఒట్టావా చిత్రమున, ముఖమును దేహమును లోపల దాచుకొన్న ఆ పేటిక క్రిందినుండి వెలుపలికి వ్రేలాడు తెల్లని వస్త్రపు అంచుపై కన్ను పడినప్పుడు, 1912 నాటి ఆ రాత్రిని తెలిసినవాడు దానిని తలపకుండ ఉండలేడు. దవీద్ చిత్రమునందును ఆ అంచు ఉన్నదనునది నిజమే. మాగ్రిట్ తక్కినదంతయు తీసివేసి దానిని మాత్రము ఉంచెననునదియు నిజమే.

కీర్తి ఆలస్యముగా వచ్చెను. న్యూయార్కు విక్రేత అలెగ్జాండర్ ఇయోలాస్ ద్వారా ఆయన చిత్రములు అమెరికాలో వ్యాపించెను. 1965 డిసెంబరులో న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాలలో పెద్ద ప్రదర్శనము జరిగినప్పుడు, 67 ఏండ్ల మాగ్రిట్ భార్యతో మొదటిసారి ఆ దేశమును చూచెను. 1967లో ఇయోలాస్ ప్రోద్బలమున తన చిత్రములలో ఎనిమిదింటిని శిల్పములుగా మార్చుటకు పూనుకొనెను. వానిలో రెకామియే శయ్య యొకటి. కాన్వాసుపై రెండడుగుల వస్తువుగా నున్న పేటిక ఇప్పుడు చుట్టు తిరిగి చూడదగిన నిండు వస్తువు కానుండెను. ఆ వేసవిలో ఇటలీలోని వెరోనా పోతశాలకు పోయి మైనపు నమూనాలను పరీక్షించి సరిదిద్దెను. కంచు పోత పూర్తియగుటను ఆయన చూడలేదు. ఆగస్టు 15న బ్రస్సెల్స్ లోని స్వగృహమున, క్లోమమునందలి కాన్సరు వ్యాధితో కన్నుమూసెను.

స్కార్బేక్ శ్మశానమున ఆయనను ఖననము చేసిరి. 1986లో జార్జెట్ ను ఆయన ప్రక్కనే ఉంచిరి. ఆ శ్మశానము నగరపు అంచునగల ఎవెర్ ప్రాంతమున ఉన్నది. రాజహత్యకు మతమిచ్చినందున 1816లో ఫ్రాన్సునుండి వెడలగొట్టబడి, బ్రస్సెల్స్ లో తలదాచుకొని, 1825లో అచటనే మరణించిన దవీద్ దేహమును తరువాతి కాలమున చేర్చిన నగర శ్మశానమును ఎవెర్ లోనిదే. ఆయన హృదయమును మాత్రము పారిసునకు కొనిపోయిరి. రెండు శ్మశానములకును నడుమ కొలది దూరమే.